కలొచ్చినప్పుడు నొక్కమన్నారు

హాల్లో లైట్లు ఆర్పబోయే ముందు బసవపున్నయ్య మాష్టారు వెనక్కి వచ్చి, ప్రొజెక్టరు బల్ల పక్కన వంగి, నాగదుర్గకి మాత్రమే వినబడేట్టు చెప్పి వెళ్ళారు. తను ముందు వరసలో మైకు పట్టుకుని కూర్చుని తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలని తెలుగులో చెబుతుంటారట. మధ్యలో ఎప్పుడు చెయ్యెత్తితే అప్పుడు ఆమె రిమోటు మీద ముందుకు నొక్కెయ్యాలట. "ఆ కలల ముక్కలు మనవాళ్ళకి ఎక్కవమ్మాయ్. అసలు విషయం పలచబడిపోతుంది. కలొచ్చినప్పుడు నొక్కెయ్, అంతే," అన్నారు. టిఫిను తిన్నావా అని కూడా అడిగారు. నాగదుర్గ రెండిటికీ కలిపి తలూపింది. ఆయన ఏం చెప్పినా తలూపడం వాళ్ళింట్లో అందరికీ అలవాటే. నాన్న ఏడుకొండలైతే ఆయన పేరు వినబడితే చాలు, కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడేవాడు. తలూపాక, లైట్లు ఆరాక, గవర్నరుపేటలో నెలనెలా సినిమా వేసే ఆ మేడమీది హాలు కిటికీలకి కట్టిన నల్లగుడ్డల అంచుల్లోంచి ఏప్రిల్ ఎండ సన్నటి గీతల్లా లోపలికి దిగాక, అప్పుడు మొదలైంది ఆమెలో చిరచిర. ఎందుకు తలూపాను అనుకుంది. మనవాళ్ళకి ఎక్కవంటే, మనవాళ్ళంటే ఎవరు, ఇక్కడ కుర్చీల్లో చల్లగా కూర్చున్న బ్యాంకు ఉద్యోగులూ లెక్చరర్లూనా, లేకపోతే నేనా.

నొక్కడం ఆమెకి రాని పని కాదు. ఆమె చేసే ఉద్యోగమే అది. పటమటలో మణికుమార్ నడిపే పెళ్ళి వీడియోల మిక్సింగ్ యూనిట్లో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని తీసెయ్యడమే ఆమె పని. ఆవలించిన మేనమామని తీసెయ్యాలి, వడ్డన దగ్గర గొడవని తీసెయ్యాలి, కెమెరా చూసి మొహం తిప్పుకున్న పెద్దకోడలిని తీసెయ్యాలి. తీసేసిన చోట గులాబీలు పెట్టాలి. పెళ్ళికూతురిని తామరపువ్వులోంచి పైకి లేపాలి, పెళ్ళికొడుకుని చందమామలో కూర్చోబెట్టాలి, ఇద్దరినీ కలిపి ప్రకాశం బ్యారేజీ మీదుగా మబ్బుల్లో తేలించాలి. ఇన్నేళ్ళలో ఒక్కడైనా వచ్చి, ఏమ్మా, మా అల్లుడు చందమామలో ఎందుకున్నాడు, మాకర్థం కాలేదు అని అడిగాడా? మరిన్ని మబ్బులు పెట్టమన్నవాళ్ళే అందరూ. సినిమాహాల్లో హీరో కంకిపాడు చేల గట్టు మీద కాలెత్తి మంచుకొండ మీద దించితే ఈలలు వేస్తారు. దేవుడు ధూపం పొగలో మాయమై స్తంభం పక్కన తేలితే చేతులు జోడిస్తారు. అదంతా ఎక్కుతుంది ఈ మనవాళ్ళకి. ఎక్కనిదల్లా ఇల్లు కూలినవాళ్ళ కల ఒక్కటే. ఇల్లు కూలినవాళ్ళు మాత్రం ఇల్లు కూలిందని చెప్పి, కళ్ళు తుడుచుకుని, పక్కకి తప్పుకోవాలి. అంతకు మించి ఒక్క మాట చెబితే విషయం పలచబడిపోతుంది.

తెర మీద రాళ్ళకొండలు. ఇది పాలస్తీనాలో ఒక పల్లెటూరండీ అని మైకులో మాష్టారి గొంతు, పాఠం చెప్పినట్టు నిదానంగా. ఒక ముసలావిడ, ఆవిడ కొడుకు, కోడలు, రాతితో కట్టిన ఇల్లు. గుమ్మం ముందు ఎండబెట్టిన ఏవో ఆకులు. సైనికుడు వచ్చి ఒక కాగితం చూపించాడు. తెల్లారేసరికి పసుపురంగు మిషను వచ్చింది. దాని తొండం పైకి లేవగానే నాగదుర్గ కళ్ళు దించుకుంది. ఆ పసుపు ఆమెకి తెలుసు. ప్రపంచంలో ఎక్కడ ఇల్లు కూల్చాలన్నా అదే పసుపు కాబోలు, అదే రంగు డబ్బాలు అన్ని దేశాలకీ పంపిస్తారు కాబోలు. ఇల్లు కూలింది. మాష్టారి గొంతు కొద్దిగా వణికింది, అది నటన కాదు, ఆయనకి నిజంగానే బాధేస్తుంది, అదే వచ్చిన చిక్కు. ఆ మర్నాడు పొద్దున ముసలావిడ ఒక్కతే చదునైపోయిన నేల మీదకి వచ్చింది. అటూ ఇటూ చూసుకుంది. ఒకచోట ఆగి, చెయ్యెత్తి, గోడ ఉండాల్సిన చోట గాలిలో వేలు పెట్టి స్విచ్చు నొక్కబోయింది. ముందు వరసలో మాష్టారి చెయ్యి లేచింది. తెర కింది మూల దాని నీడ పడింది. నాగదుర్గ బొటనవేలు తనంతట తనే కదిలింది. ముసలావిడ వేలి కొసన ఏదో వెలగబోతూ ఉండగానే కొండలూ నేలా మాయమై, ఒక వకీలు ఆఫీసు, టీ గ్లాసులు, ఫైళ్ళు. ఇప్పుడు వాళ్ళు కోర్టుకి వెళ్ళారండీ అన్నారు మాష్టారు మైకులో.

పక్క కుర్చీలోంచి మార్త వంగింది. సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో నర్సు ఆమె, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా సినిమాకి వచ్చే మనిషి. "ఏంటి దుర్గా, ఎగిరిపోయింది? ఆవిడేదో నొక్కబోయింది కదా," అంది. ఏం లేదక్కా అంది నాగదుర్గ. ఏం లేదు అన్న ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని రుచి చేదుగా నాలిక మీద ఉండిపోయింది. ఏం లేకపోవడం ఏంటి. ఉంది. ఆవిడ స్విచ్చు నొక్కింది.

అమ్మ కూడా వంగేది. అది గుర్తొచ్చింది నాగదుర్గకి, అడక్కుండానే, ఆ కోర్టు సీను నడుస్తుండగానే. పటమటలో ఆ అపార్టుమెంటు కింద, మెట్ల కింద నాన్నకిచ్చిన వాచ్‌మన్ గదిలో, తలుపు అంత ఎత్తున ఉంటే, దాని కిందనుంచి పోతూ అమ్మ చౌడేశ్వరమ్మ ప్రతిసారీ తలొంచేది. పాతింటి గుమ్మం పొట్టిది, వంగకపోతే నుదురు తగిలేది. ఆ గుమ్మం పోయింది, ఆ ఇల్లు పోయింది, వంగడం మిగిలింది. పైఫ్లోర్ల పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. లిఫ్టులోకి అడుగుపెట్టాల్సొచ్చినా వంగేది, గుడి గాలిగోపురం కింద కూడా వంగేది. గాలిగోపురం కింద అమ్మా నీ తల తగలదే అంటే, ఏమో నీకేం తెలుసు అనేది. పడుకుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. ఒకదాని తరవాత ఒకటి, మగ్గం కింద పావులు తొక్కినట్టే, దుప్పటి కింద లేచీ పడీ లేచీ పడీ, చీర నేస్తూనే ఉండేవి. ఏ చీర నేస్తున్నావే అని నాన్న చీకట్లో మెల్లిగా అడిగేవాడు. అమ్మ నిద్రలోనే రంగు చెప్పేది. ఒకసారి వంగపండు రంగు, ఒకసారి చిలకపచ్చ. నాన్న ఆ రంగులు విని తృప్తిగా పక్కకి తిరిగి పడుకునేవాడు. మతి చలించిందండీ పాపం అని పై ఇంటి వాళ్ళు, బంధువులు, డాక్టరు, అందరూ అన్నారు. నాన్న మాత్రం అనలేదు. నాన్నకి చదువు లేదు కాబట్టి అనలేదు అనుకున్నారు. కాదు. భార్య ఎక్కడుందో ఆయనకి తెలుసు, అంతే.

బందరు రోడ్డుకి ఎడంగా కాలవగట్టు పక్కన వాళ్ళ ఊరు. వీధి వీధంతా నేతవాళ్ళే. పొద్దున లేస్తే ఏ ఇంటికా ఇంట్లో మగ్గం చప్పుడు. అన్నీ ఒకేసారి ఆగితే ఏదో చావు కబురు వచ్చిందని అర్థం. తొంభై ఏడులో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చారు. చేసుకోండి అన్నారు వీధివాళ్ళు, రోడ్డొస్తే అందరికీ మంచిదే కదా. తీరా చూస్తే కాలవ వైపు పెద్దవాళ్ళ బిల్డింగుల జోలికి పోకుండా రోడ్డు వంపు తిరిగి సరిగ్గా మగ్గాల మీదకి వచ్చింది. ఆ వంపు ఎందుకొచ్చిందో ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు, అడిగేవాడే లేడు. అడిగింది మాష్టారొక్కరే. సైకిలు మీద వచ్చేవారు, కాలేజీ అయిపోయాక, చొక్కా వీపంతా చెమటతో. ఇంటింటికీ తిరిగారు, ధర్నా చేయించారు, పోలీసు వ్యాన్లో కూర్చున్నారు. ఆయన లేకపోతే తర్వాత ఊరవతల మెరకలో ఇళ్ళస్థలాలైనా వచ్చేవి కావు. అందుకే కదా నాన్న లేచి నిలబడేది. నాగదుర్గకి కోపం వచ్చినప్పుడల్లా ఆ సైకిలు అడ్డం వచ్చి నిలబడుతుంది. ఒక మనిషి నీకింత చేశాక ఆయన మీద కోపం పెట్టుకోవడానికి చోటెక్కడుంటుంది, మింగు, మింగు, అని తనకి తనే చెప్పుకుంటూ ఏళ్ళు గడిపింది.

మగ్గాన్ని విప్పి బండెక్కించవచ్చు. దూలాలు, పలకలు, నాడెలు, కండెల బుట్ట, అన్నీ మొయ్యొచ్చు. గుంటని మొయ్యలేరు. నేతమనిషి కాళ్ళు దించుకుని కూర్చునే ఆ గుంట, నడుం లోతున, అంచులు అరిగి నున్నగా, నాయనమ్మ కాళ్ళూ అమ్మ కాళ్ళూ అరగదీసిన నేల. మిషను వచ్చిన రోజు సగం చీర మగ్గం మీద ఉంది. అంచు దాకా నేసి లేస్తాను, కాస్త ఆగమనండి అంది అమ్మ, ఎవరో చుట్టాలు తొందరపెడుతున్నట్టు. గోల చెయ్యలేదు, శాపనార్థాలు పెట్టలేదు, నేస్తూ కూర్చుంది. ఆడ కానిస్టేబుళ్ళు చంకల కింద చేతులేసి పైకి తీశారు. పడుగు పోగులు ఒకేసారి తెగాయి. ఆ చప్పుడు ఎవరికీ వినబడదు. నాగదుర్గకి వినబడింది. తర్వాత ఇంటి గోడలు ఆ గుంటలోనే పోసి పూడ్చారు, రోలరు తిప్పారు, తారు పోశారు. ఇప్పుడు బందరు బస్సులు, రొయ్యల లారీలు దాని మీదనుంచే పోతాయి. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నాగదుర్గ బస్సులో కాళ్ళు రెండూ పైకి తీసుకుంటుంది. పక్కనున్నవాళ్ళు చూస్తారు. చూడనీ.

తెర మీద కోర్టు కేసు వాయిదా పడింది. కొడుకు పని వెతుక్కుంటూ వెళ్ళాడు. మాష్టారి తెలుగు చక్కగా సాగుతోంది, హాలు వింటోంది, ఎవరో ముక్కు చీదారు. అంతా మర్యాదగా ఉంది. ఇంతవరకూ ఏడిస్తే సరిపోతుంది అని కొలిచి పోసినట్టు ఉంది. ఇప్పుడు సైనికుల చెక్‌పోస్టు. ఇనప కంచె, పొడుగాటి క్యూ. అందులో ఒక పెళ్ళికూతురు తెల్లగౌనులో, చేతిలో సూట్‌కేసు, అవతలి ఊళ్ళో పెళ్ళికొడుకు. ఎండ. క్యూ కదలదు. పెళ్ళికూతురు తల మీద గుడ్డ సరిచేసుకుంది, ఆ వేళ్ళ మధ్య ఒక వెంట్రుక తెల్లగా కనిపించింది. మాష్టారి చెయ్యి లేచింది.

నాగదుర్గ బొటనవేలు బటను మీదే ఉంది. రబ్బరు బటను, వేడిగా, మెత్తగా. నొక్కితే అయిపోతుంది. నొక్కు. ఆయన చెప్పారు. సైకిలు మీద వచ్చారు. వ్యాన్లో కూర్చున్నారు. నొక్కు. చెయ్యి ఇంకాస్త పైకి లేచింది, నీడ తెర మూలనుంచి పెళ్ళికూతురి సూట్‌కేసు దాకా పాకింది. ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నారని చీకట్లో కళ్ళద్దాల మెరుపుని బట్టి తెలుస్తోంది. ఆమె బొటనవేలు తీసి, రిమోటుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి బోర్లించింది. పెళ్ళికూతురి జుట్టు ఒక్కో పాయే నెరుస్తోంది. గౌను అంచు చీకి దారాలు వేలాడుతున్నాయి. ముందున్నవాళ్ళు కూర్చున్నారు, నిద్రపోయారు, కొందరు కనబడకుండా పోయారు. ఆమె సూట్‌కేసు చెయ్యి మార్చుకుంది. మొహం మీద ముడతలు, ఒక్కో అడుగుకీ ఒక్కోటి. చివరికి కిటికీ దగ్గరకి వచ్చి కార్డు చూపిస్తే లోపలి సైనికుడు ఫొటో చూసి, ఆవిడని చూసి, ఇది నువ్వు కాదు, పో అన్నాడు. మైకు ఆ మాట తెలుగులో చెప్పలేదు. అక్కర్లేకపోయింది. హాల్లో ఎవడో సగం నవ్వి, నవ్వకూడదని తెలిసి, ఆ సగాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. అయ్యో, అంది మార్త తనలో తను. నాలుగో వరసలో ఒక పెద్దాయన, పెన్షను ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళని చూసినట్టే ఉంది కదండీ అని పక్కాయనతో అంటే, ఆయన ఊఁ అన్నాడు. ఎక్కలేదట. వీళ్ళకి ఎక్కలేదట. నాగదుర్గకి ఒళ్ళంతా మండింది. ఎన్నాళ్ళ మంటో అది, ఇవాళ్టిది కాదు.

ఇళ్ళు కూల్చాక, ఊళ్ళో స్కూలు వరండాలో స్థలాల కోసం విచారణ. రెండు బల్లలు, ఆఫీసరు, పక్కన రాసుకునే గుమాస్తా, వరండా కింద ఎండలో వీధి వాళ్ళంతా. మాష్టారు ఒక్కొక్కరినే ముందుకి పిలుస్తున్నారు, ఏం చెప్పాలో ముందురోజే నేర్పించారు, ఇంటి పొడుగు వెడల్పులు, మగ్గం ఉందా లేదా, ఇంట్లో ఎంతమంది. అందరూ అప్పజెప్పినట్టు చెప్పారు. అమ్మ వంతు వచ్చింది. నాగదుర్గ మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అమ్మ వరండా మెట్టెక్కుతూ వంగింది. పేరు చెప్పింది. తర్వాత నేర్పిన మాటలు వదిలేసి, ఎంతో మర్యాదగా, నూలు షావుకారుతో మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది. "బాబుగారూ, నన్ను పైకి తీశామని మీవాళ్ళు అనుకుంటున్నారండీ. నేను గుంటలోనే ఉన్నాను. మీరు రోడ్డేసేశారు. బళ్ళు నా నెత్తి మీదనుంచే పోతన్నాయి. అయినా పోగు తెగలేదండీ, నేస్తానే ఉన్నాను. అక్కడినుంచి నాకొకటి కనపడతంది, అది మీకు చెప్పాలి." అప్పుడు మాష్టారు అడ్డొచ్చారు. చెయ్యెత్తారు. అదే చెయ్యి. "ఆవిడకి మనసు బాగాలేదండీ. ఇది రాసుకోకండి," అన్నారు. గుమాస్తా కలం ఆపేశాడు. ఆఫీసరు తలూపి తరవాతి పేరు పిలిచాడు. అమ్మ కాసేపు అలాగే నిలబడింది, అడ్డొచ్చిన మనిషి పక్కకి తప్పుకుంటాడేమో అన్నట్టు. తప్పుకోలేదు. ఏం కనపడుతోందో ఆ మాట అమ్మ నోట్లోనే ఉండిపోయింది.

అందరికీ స్థలాలు వచ్చాయి. వాళ్ళకీ వచ్చింది. ఊరికి దూరంగా, నీళ్ళు లేనిచోట, అయినా వచ్చింది, కాదనడానికి లేదు. అమ్మ పోయాక దినం రోజున మాష్టారు వచ్చి, ఎంత పోరాడామో కదా ఆరోజుల్లో అని అందరి ముందూ అన్నారు. అందరూ అవునన్నారు. నాగదుర్గ కాఫీ గ్లాసులు కడుగుతూ విన్నది. పోరాడారు, నిజమే. ఎవరి మాటతో? అమ్మ మాట మాత్రం కాదు. అమ్మ దగ్గర వాళ్ళకి కావలసింది ఇంటి పొడుగూ వెడల్పూ. దుఃఖం కూడా వాళ్ళు చెప్పిన సైజులో ఉండాలి. సైజు దాటితే మనసు బాగాలేదు. మరి ఈ కొండల మధ్య సినిమా తీసినవాడెవడో, వాడికీ ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు, ఇల్లు కూలినట్టు చూపించు చాలు, గాలిలో స్విచ్చులెందుకు, నవ్వుతారు అని. వాడు వినలేదు. వినకుండా తీశాడు, సముద్రాలు దాటి ఆ డిస్కు గవర్నరుపేట మేడమీదకి వచ్చింది. ఇంత దూరం వచ్చింది, బటను నొక్కే మనిషి ఇక్కడ ఉందని దానికి తెలీక. ఆ మనిషి నేనేనా? సిగ్గేసింది, ఆ సిగ్గు వెంటనే మళ్ళీ కోపమైంది. ఈసారి ఆ కోపానికి సైకిలు అడ్డు రాలేదు.

ఆమె రిమోటు తీసి వెనక్కి నొక్కింది. తెర మీద క్యూ వెనక్కి నడిచింది, వకీలు ఆఫీసు గిర్రున తిరిగిపోయింది, టీ గ్లాసులు నిండాయి. హాల్లో గుసగుసలు లేచాయి. మైకు ఒకసారి కీచుమంది. కొండలు వచ్చాయి, చదునైన నేల వచ్చింది, ముసలావిడ వచ్చింది. అక్కడ వదిలింది. ఆవిడ గాలిలో వేలు పెట్టి నొక్కింది. లైటు వెలిగింది. బల్బు లేదు, గోడ లేదు, పైకప్పు లేదు, వెలుతురు మాత్రం ఒక గదంత మేర నేల మీద పడింది, దాని అంచులు గోడలున్నచోట సరిగ్గా ఆగిపోయాయి. ఆవిడ ఆ వెలుతురులోకి నడిచి, లేని కుళాయి తిప్పింది, నీళ్ళు వచ్చాయి, గ్లాసులు కడిగి బోర్లించింది, ఒక్కటీ కింద పడలేదు. అవతల ఇంకా ఆగి ఉన్న పసుపు మిషను డ్రైవరు తన సీట్లోంచి అది చూస్తూ, ఎందుకో తెలియకుండానే టోపీ తీశాడు. మార్త నాగదుర్గ చెయ్యి పట్టుకుంది, గట్టిగా, నాడి చూసే చోటే.

మాష్టారు చీకట్లో కుర్చీలు తప్పించుకుంటూ వెనక్కి వచ్చారు. ఆయన ఒంటినుంచి గంధం సబ్బు వాసన, పక్కనే ఊపిరి బరువు. "ఏంటమ్మాయ్, రిమోటు పనిచెయ్యట్లేదా?" అన్నారు గుసగుసగా.

"పనిచేస్తోందండీ."

మరి అన్నారు. ఆయన చెయ్యి చాపారు, రిమోటు ఇటివ్వమని. నాగదుర్గ తెర వైపే చూస్తూ దాన్ని ఒళ్ళోనే ఉంచుకుంది. ఆ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. ఆడపిల్ల ఒళ్ళోంచి లాక్కునే మనిషి కాదు ఆయన. వెనక్కి తీసుకుని ముందుకి వెళ్ళిపోయారు. వెళ్ళాక మైకు పట్టుకోలేదు. మిగతా సినిమా అంతా తెలుగు లేకుండానే నడిచింది. అరబ్బీ మాటలు, కింద ఇంగ్లీషు అక్షరాలు, చదవగలిగినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పుకున్నారు. ముసలావిడ చివర్లో మంచం పక్కకి జరిపితే దాని కింద సముద్రం ఉంది, ఆ కొండల్లో ఎక్కడా లేని సముద్రం. పడవలో ఆవిడ వీధి వాళ్ళంతా కూర్చుని ఉన్నారు, చనిపోయినవాళ్ళు కూడా, ఎవరింటి తాళంచెవులు వాళ్ళ చేతుల్లో. ఆవిడ పడవెక్కలేదు. మంచాన్ని మళ్ళీ యథాస్థానానికి జరిపి, దాని మీద కూర్చుంది. అక్కడితో అయిపోయింది.

లైట్లు వేశారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాళ్ళు సర్దుకుంటున్నారు. మాష్టారు లేచి మైకు తీసుకున్నారు. మిషన్లో ఏదో లోపం వల్ల అనవసరమైన భాగాలు కొన్ని వచ్చాయి, సినిమా కూడా వెనక్కీ ముందుకీ అయింది, అందరూ మన్నించాలి అన్నారు. దర్శకుడి మీద గౌరవం ఉంది కానీ ఒక జాతి కష్టాన్ని చెప్పేటప్పుడు ఇలాంటి ఊహలు, అంటూ అసలు ఉపన్యాసంలోకి దిగబోయారు. నాగదుర్గ లేచి నిలబడింది. హాల్లో ఎప్పుడూ నోరెత్తని మనిషి, మిషను పక్కన మిషనులాగే ఉండే మనిషి.

"మిషను బాగానే ఉందండీ. ఆ ముక్కలు తీసెయ్యమని మీరు చెప్పారు. నేను తియ్యలేదు," అంది.

తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎవరో, కూర్చోమ్మా, పెద్దాయన్ని మాట్లాడనియ్యి అన్నారు. ఇంకెవరో, ఎందుకు తీసెయ్యమన్నారండీ అని అడిగారు. అది ఇద్దరు ముగ్గురి నోట వచ్చింది, నాలుగో వరస పెద్దాయన కూడా అడిగాడు. మాష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చర్చ వచ్చే నెల పెట్టుకుందాం అని మైకు ఆపేశారు. జనం దిగిపోయారు, కొందరు నాగదుర్గ వైపు చూసి తలూపారు, కొందరు ఆమెని చూడనట్టే దిగారు. మార్త, నిన్నింక పిలవరు దుర్గా, నాకైతే నిద్ర ఎగిరిపోయింది పో, అని బుగ్గ మీద తట్టి వెళ్ళింది.

నాగదుర్గ వైర్లు చుట్టింది, ప్రొజెక్టరు పెట్టెలో పెట్టింది, రెండు చేతులా ఎత్తుకుని మెట్ల దగ్గరకి వచ్చింది. మాష్టారు అక్కడే నిలబడి ఉన్నారు. అందరి ముందూ పరువు తీశావు అంటారనుకుంది, దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది. ఆయన అది అనలేదు. మీ అమ్మ సంగతే కదూ ఇది అన్నారు. ఔనండీ అంది.

"ఆ గుమాస్తా నవ్వడం మొదలెట్టాడమ్మాయ్," అన్నారు, మెట్ల మీద గాలికి కొట్టుకుంటున్న కాగితాలని చూస్తూ. "నువ్వు మీ అమ్మ మొహం చూస్తున్నావు, వాణ్ణి చూళ్ళేదు. మూతికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను చూడలేకపోయాను."

ఈ సంగతి ఆమెకి తెలీదు. ఒక్క క్షణం పెట్టె బరువు చేతుల్లో మారినట్టనిపించింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నవ్వే ఉంటాడు. కానీ తెలిశాక కూడా కోపం తగ్గలేదు, ఇంకాస్త స్పష్టంగా, ఇంకాస్త ఒంటరిగా నిలబడింది. "నవ్వితే నవ్వేవాడండీ. వాడి నవ్వు అయిపోయాకైనా అమ్మ మాట మిగిలేది. మీరు వాడి నవ్వు ఆపడానికి అమ్మని ఆపారు."

కింద రోడ్డు మీద సిటీబస్సు ఒకటి ఆగి, కండక్టరు బెంజిసర్కిల్ బెంజిసర్కిల్ అని అరిచి, వెళ్ళిపోయింది. అప్పుడు ఆ పెద్ద మనిషి, వీధులూ పోలీసుస్టేషన్లూ చూసిన మనిషి, చదువుకోని పిల్లాడు పాఠం అడిగినట్టు అడిగారు. గుంటలోంచి ఏదో కనపడుతోంది, చెప్పాలి అంది కదా మీ అమ్మ, ఏం కనపడిందట, తర్వాత నీకేమైనా చెప్పిందా అని.

నాగదుర్గ ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"చెప్పలేదండీ. నేను అడిగాను, నాన్న అడిగాడు. రంగులు చెప్పేది గానీ, ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు," అంది. "ఇంక ఎవరికీ తెలీదు."

ఆయన పెట్టె ఒకవైపు పట్టుకోబోయారు. వద్దండీ అని ఆమె ఒక్కతే దాన్ని గుండెకి ఆనించుకుని, మెట్టు తరవాత మెట్టు చూసుకుంటూ, మండుటెండలోకి దిగింది.